నేను కత్తిరించిన ఎర్రదారం

మొదటే చెప్పేస్తాను. నాకు కుళ్లు ఎక్కువ. పక్కింటావిడకు పెరుగు గట్టిగా తోడుకుందని తెలిస్తేనే ఆ రోజంతా నా మనసు మనసులో ఉండదు. ఇట్లాంటి మనిషి ముప్పై ఒక్క ఏళ్లు దవాఖాన రికార్డు సెక్షన్లో పనిచేసి, జనం జబ్బులకు నంబర్లు వేసి, రిటైరైంది. ఆ పని గురించి రాసిపెట్టమని మా రంగారావు సార్ అడిగారు. జబ్బులకు నంబర్లు వేసే ఈ పని, అంటే మెడికల్ కోడింగ్, నేర్చుకుని కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు పనికొస్తుందట. ముందు నా కింద పనిచేసిన లింగయ్యను అడిగారని, అతను "మేడంను అడగండి సార్, ఆమెకే ఎక్కువ తెల్సు" అన్నాడని తర్వాత తెలిసింది. ఆ సంగతి తెలిశాక రెండు రోజులు కలం ముట్టలేదు. అతని దయతో నా చేతికి వచ్చిన పని ఇది అనుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నాగర్‌కర్నూలులో మొదలుపెట్టాను. వనపర్తిలో కొన్నేళ్లు, చివరి పదేళ్లు గద్వాలలో. మూడూ ఒకే ట్రస్టు నడిపే చిన్న దవాఖానలు. వాటి పేరు రాయను. ఇందులో చెప్పబోయే తప్పు దవాఖానది కాదు, నాది.

పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. డాక్టరు రాసిన జబ్బును చదివి, దానికి అన్ని దేశాల్లోనూ వాడే ఒక నంబరు వేయాలి. మూత్రాశయం క్యాన్సరుకు సి అక్షరం, పక్కన అరవై ఏడు. దాని తర్వాత ఒక చుక్క, చుక్క తర్వాత ఒక అంకె. గడ్డ లోపల ఏ చోట ఉందో ఆ అంకె చెబుతుంది. పక్క గోడకైతే రెండు, వెనుక గోడకైతే నాలుగు, మూత్రం కిందికి దిగే మెడ దగ్గరైతే ఐదు. ఎక్కడుందో కాగితంలో లేకపోతే తొమ్మిది. వేల రకాల జబ్బులకు నంబర్లు వేశాను గానీ ఇక్కడ ఈ ఒక్కదాని గురించే రాస్తున్నాను. నేను ఎక్కువగా గర్వపడ్డదీ, తలదించుకున్నదీ దీని దగ్గరే.

మూడు చీటీలు

నాగర్‌కర్నూలులో చేరిన కొత్తలో తిమ్మాజిపేట దిక్కు నుంచి బాలయ్య అనే రైతు వచ్చేవాడు. యాభై దాటిన మనిషి, చెవి వెనుక ఎప్పుడూ ఒక చుట్ట. అతనికి మూత్రంలో రక్తం పడేది, నొప్పి ఉండేది కాదు. మా దిక్కు మగవాళ్లు దాన్ని రక్తం అనరు, వేడి చేసింది అంటారు. ఎండలో వేరుశనగ పీకితే వేడి, బస్సులో ఇంజను పక్కన కూర్చుంటే వేడి. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగుతారు. రెండు రోజులకు ఎరుపు ఆగుతుంది, నయమైందనుకుంటారు. ఈ జబ్బు తీరే అంత. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది.

బాలయ్య మూడు నెలల్లో మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ కొత్త చీటీ తీసుకున్నాడు, మూడుసార్లూ వేరే డాక్టరు చూశారు. అతను వేడి అన్నాడు, వాళ్లు ఇన్ఫెక్షన్ అని రాసి బిళ్లలిచ్చి పంపారు. మూడో చీటీ నా బల్ల మీదికి వచ్చినప్పుడు ఈ పేరు ఎక్కడో చూశానే అనిపించి పాత కట్టలు విప్పాను. మూడు చీటీలూ పక్కపక్కన పెట్టాను. వాటికి గుచ్చిన ల్యాబు కాగితాలు చదివాను. మూడింటిలోనూ రక్తకణాలు నిండుగా ఉన్నాయి, చీము కణాలు లేవు. ఇన్ఫెక్షన్ అయితే అవి ఉండాలి. మూడూ కలిపి పిన్ను కొట్టి రంగారావు సార్ దగ్గరికి నడిచాను. ఆయన వారానికి ఒకరోజు వచ్చే మూత్రవ్యాధుల డాక్టరు. అప్పటికి ఆయనా కుర్రవారే.

కెమెరా గొట్టం వేసి చూస్తే లోపల గడ్డ ఉంది. చిన్నగా ఉన్నప్పుడే తీసేశారు. బాలయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు వ్యవసాయం చేసుకున్నాడు. ఆ రోజు సార్ నర్సులందరి ముందు, "ఈ జబ్బును పట్టింది నేను కాదు, రాజేశ్వరమ్మ" అన్నారు. ఆ మాటను నేను ఇరవై ఏళ్లు నెమరేసుకున్నాను. కొత్తగా ఎవరు చేరినా ఏదో వంకతో బాలయ్య కథ చెప్పేదాన్ని. ఇంట్లో మా ఆయనైతే నేను తిమ్మాజిపేట అనగానే లేచి బయటికి పోయేవాడు.

కాబట్టి పిల్లలూ, నంబరు వేసే ముందు ఆ మనిషి పాత కాగితాలన్నీ తీయండి. డాక్టరు రాసింది, ల్యాబు రాసింది, రోగి చెప్పింది ఒకదానితో ఒకటి కలవకపోతే నంబరు వేయకుండా డాక్టరు గదికి నడవండి. తిడతారు. తిట్టనివ్వండి.

సత్తార్ సార్ గీత

వనపర్తిలో మా సెక్షన్ పెద్ద సత్తార్ సార్. మాట మెత్తన, మనిషి మాత్రం ఇనుము. ఒకరోజు నేను ఆ నెల ఫైళ్లన్నీ గడువుకు ముందే ముగించి, మెచ్చుకుంటారని ఆయన బల్ల మీద పేర్చాను. ఆయన మూత్రాశయం ఫైళ్లు మాత్రం బయటికి తీశారు. అన్నిటికీ చుక్క తర్వాత తొమ్మిదే ఉంది. ఆపరేషన్ కాగితాలు చదివావా బేటీ అని అడిగారు. లేదన్నాను. "డాక్టరుకు తెల్సు, కాగితానికి తెల్సు, నీకొక్కదానికే తెల్వదా?" అన్నారు. అన్నీ మళ్లీ చేశాను. గడ్డ ఏ గోడకు ఉందో తెలిస్తే వచ్చేసారి కెమెరా వేసేటప్పుడు డాక్టరు మొదట అక్కడే చూస్తారు. ఆ చిన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆయన దగ్గర చేసిన పెద్ద తప్పు వేరే. శాంతమ్మ అనే ఆమెకు డాక్టరు "క్యాన్సరు అనుమానం" అని రాసి, లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. నేను అనుమానం అన్న మాటను దాటేసి నేరుగా క్యాన్సరు నంబరు వేశాను. పరీక్షలో క్యాన్సరు లేదని తేలింది. కానీ అప్పటికే నా నంబరు ఆమె కార్డు మీదికెక్కింది. ఇంటి దగ్గర చదువుకున్న వాళ్లెవరో దాని అర్థం వెతికి చెప్పారు. క్యాన్సరు అంటుకుంటుందని భయపడి ఆమెకు వేరే కంచం, వేరే చెంబు పెట్టారు.

సంగతి తెలిసి సత్తార్ సార్ నన్ను వెంటబెట్టుకుని శాంతమ్మ ఇంటికి తీసుకుపోయారు. అక్కడ నేను కార్డు మీది తప్పు నంబరుకు తెల్లరంగు పూయబోతే నా చేయి పట్టుకున్నారు. అడ్డంగా ఒకే గీత కొట్టాలి. కింద ఉన్న తప్పు అందరికీ కనబడాలి. పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. వేశాక అది నాచేత శాంతమ్మ అత్తగారి ముందు గట్టిగా చదివించారు. దారిలో నేను ఏడుస్తూ నడుస్తుంటే ఒకటే మాట అన్నారు. "తప్పు కాగితం మీద చేసినవు. దిద్దుడు మనిషి ముందర దిద్దాలె."

ఆయన మీద ఆ రోజు చాలా కోపం వచ్చింది. అసూయ కూడా. అంత ధైర్యంగా ఒకరి గడప తొక్కి మాది తప్పు అని చెప్పగలగడం చూసి.

లింగయ్య

గద్వాలలో సెక్షన్‌కు నేనే పెద్దను. ఇక్కడ నేను పెట్టిన పద్ధతి దారాలు. నేతపని చేసే ఇళ్లల్లో మగ్గం మీద తెగిన పోగులు, పనికిరాని నూలు కట్టలుగా పడి ఉంటాయి. అడిగితే ఇస్తారు. వాటితో ఫైళ్లు కట్టేవాళ్లం. చికిత్స నడుస్తున్న ఫైలుకు ఎర్రదారం, ముగిసినదానికి తెల్లదారం. ఎర్రవి నా బల్ల పక్కన కింది అరలో, తెల్లవి పై గదిలో. ఎవరినైనా మళ్లీ పిలవాల్సి వస్తే ఎర్ర అర తీసి వరసగా ఫోన్లు చేస్తాం. కంప్యూటర్లు వచ్చాక కూడా కరెంటుతో, నెట్టుతో ఉండే పరేషాన్‌కు ఈ దారాలే మాకు దిక్కు. అప్పటికి గద్వాలకు మారిన రంగారావు సార్ బయటి నుంచి ఎవరు వచ్చినా తీసుకొచ్చి చూపించేవారు. నేను పక్కన నిలబడి ఏమీ తెలియనట్టు ముఖం పెట్టేదాన్ని.

అప్పుడు లింగయ్య చేరాడు. ముప్పై ఏళ్ల మనిషి. మన్ననూరు దాటి నల్లమల లోపల ఒక చెంచు పెంట, అంటే చెంచుల గూడెం, అతని ఊరు. వాళ్ల నాయన కొండచరియల మీద తేనె తీసేవాడు. లింగయ్య ఆశ్రమ పాఠశాలలో చదివి, హైదరాబాదులో కోడింగ్ కోర్సు చేసి వచ్చాడు. మొదటి నెలంతా అతని గురించి ఎవరితో మాట్లాడినా "ఆ అడవోడు" అనేదాన్ని. రాయడానికి సిగ్గుగా ఉంది. ఓర్వలేని నోటికి అట్లాంటి మాటే ముందు దొరుకుతుంది.

అతనికి ఒకసారి చదివిన ఫైలు గుర్తుండిపోయేది. ఆరు నెలల కిందటి రోగి పేరు చెబితే గడ్డ ఏ గోడకు ఉందో, ఎన్ని ఉన్నాయో ఫైలు తీయకుండా చెప్పేవాడు. పైగా ప్రతి రోగినీ ఏం పని చేస్తారని అడిగి రాసేవాడు. మాది రంగుల ఊరు. నూలుకు, పట్టుకు రంగులద్దే వాళ్లు చాలామంది. కొన్ని రంగుల్లో ఉండే రసాయనాలు ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే మూత్రాశయానికి ఈ జబ్బు తెస్తాయని పుస్తకాల్లో ఉంది. నేనూ చదివాను. చదివి ఊరుకున్నాను, అతను ఫైలులో రాశాడు. సార్ చూసి, "ఇది మనం ఇన్నేళ్లు ఎందుకు రాయలేదు?" అన్నారు. మనం అంటే నేనే.

అంతకు ముందు రౌండ్సు ముగిశాక సార్ తలుపు దగ్గర నిలబడి "రాజేశ్వరమ్మా" అని పిలిచేవారు. మెల్లగా అది "లింగయ్యా" అయింది. మొదటిసారి ఆ పిలుపు విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఇంటికి పోయి పప్పులో ఉప్పెక్కువైందని మా ఆయన మీద అరిచాను. పప్పు వండింది నేనే.

ఇంకోటి, ముడి. నేను ఫైలుకు మామూలు రెండు ముళ్లు వేసేదాన్ని. లింగయ్య వేసేది వేరు. తేనె తీసేవాళ్లు కొండ మీది నుంచి తాళ్లు వేలాడదీసేటప్పుడు వేసే ముడి అట. ఎంత గుంజినా వదులు కాదు, విప్పే తీరు తెలిసినవాడు ఒక కొస పట్టి లాగితే జారిపోతుంది. నర్సులు నేర్పించమని అతని చుట్టూ చేరేవాళ్లు. నన్ను కూడా నేర్చుకోమన్నాడు. నాకు టైము లేదన్నాను.

రాజోలి నరసింహులు

నరసింహులు రాజోలి నుంచి వచ్చాడు. నలభై ఏళ్లు పట్టుకు రంగులద్దిన మనిషి. గోళ్ల చుట్టూ రంగు నిలిచిపోయి, చేతులు ఎంత కడిగినా ఏదో పండగ ముగించుకుని వచ్చినట్టు ఉండేవి. వెంట భార్య పద్మమ్మ. మూత్రాశయం పక్క గోడకు గడ్డ. రంగారావు సార్ కోత లేకుండా లోపలి నుంచే గీకి తీశారు. పరీక్షలో గడ్డ ఇంకా కండలోకి దిగలేదని వచ్చింది. కానీ చెడ్డరకం, తీసినా తిరిగొచ్చే రకం.

అట్లాంటి వాళ్లకు టీబీ టీకా మందునే నీళ్లలో కలిపి సన్నగొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. వారానికి ఒకటి చొప్పున ఆరు వారాలు. నరసింహులుకు రెండు అయ్యాయి. రెండోసారి వచ్చినప్పుడు మా అరలో దారాలు చూసి, ఎర్రవి వెలిసిపోయాయని నవ్వాడు. మూడోసారి వచ్చేటప్పుడు ఒక పెద్ద కట్ట ఎర్రదారం తానే అద్ది, ఆరబెట్టి, పేపర్లో చుట్టి తెచ్చాడు. నీళ్లలో వేసినా దీని రంగు పోదని చెప్పి నా బల్ల మీద పెట్టాడు.

ఆ మూడో వారం మందు లేదు. మాకే కాదు, ఎక్కడ అడిగినా దొరకలేదు. "మందు రాంగనె మేమే ఫోన్ చేస్తం, మీరు ఊకె తిరగకండి" అని భార్యాభర్తలకు చెప్పి పంపించాం. చెప్పింది నేనే.

వాళ్లు పోయాక ఆ ఫైలు ముందేసుకున్నాను. ఆపరేషన్ కాగితంలో గడ్డ పూర్తిగా తీయబడింది అని ఉంది. అది చదివి, "గతంలో క్యాన్సరు ఉండేది" అని చెప్పే నంబరు వేసి, సంతకం పెట్టి, తెల్లదారం అందుకున్నాను. తొందరలో చేసిన తప్పు అది. ఎవరైనా చేస్తారు. లింగయ్య పక్క నుంచి చూశాడు.

"మేడం, గడ్డ తీసిండ్రు గని మందు ఇంక నడుస్తుంది గద. మందు అయిపోయేదాంక జబ్బు ఉన్నట్టే రాయాలె" అన్నాడు.

గదిలో ఇద్దరు నర్సులున్నారు. తలుపు దగ్గర సార్ ఉన్నారు. లింగయ్య చెప్పింది కరెక్టేనని, ఒక్క చూపు చూసి వెళ్లిపోయారు. లింగయ్య ఫైలు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని నరసింహులు తెచ్చిన ఎర్రదారంతోనే కట్టాడు, తన ముడి వేశాడు. లోపలి నంబరు మాత్రం తాను ముట్టుకోలేదు. నా సంతకం ఉంది కాబట్టి నన్నే దిద్దమన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ మర్యాద నాకు పుండు మీద కారం చల్లినట్టు తగిలింది. దిద్దుతానన్నాను. దిద్దలేదు.

కత్తెర

వారం తిరక్కుండా ఒక కాగితం వచ్చింది. క్యాన్సరు రికార్డుల మీద హైదరాబాదులో నెల రోజుల ట్రైనింగు. మా దవాఖాన నుంచి ఒకరు పోవాలి. అట్లాంటి ట్రైనింగు కోసం నేను ఏళ్ల తరబడి ఎదురుచూశాను. కొత్త బ్యాగు కూడా కొని పెట్టుకున్నాను. సార్ లింగయ్య పేరు రాశారు. నాకు ఇంక రెండేళ్ల సర్వీసే ఉందని, అతను ఇంకా చాలాకాలం చేస్తాడని నచ్చజెప్పారు. న్యాయమైన మాటే. అందుకే ఎదురు చెప్పడానికి నాకేమీ దొరకలేదు.

అతను బస్సెక్కిన రోజు సెక్షన్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎర్ర అరలో అన్నిటికన్నా పైన నరసింహులు ఫైలు. లోపల నా నంబరు, బయట లింగయ్య దారం. దాన్ని చూస్తుంటే ఇద్దరు నర్సుల ముందు నేను చిన్నబోయిన ఆ నిమిషమే మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది. ముడి విప్పబోయాను. రాలేదు. గోరు విరిగింది. కత్తెర తీసి కోసేశాను. తెల్లదారం కట్టి, నా రెండు ముళ్లు వేసి, పై గదికి పంపించాను.

నరసింహులుకు కీడు చేయాలని నేను అనుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ సమయంలో నరసింహులు నా తలలోనే లేడు. లింగయ్య ఒక్కడే ఉన్నాడు.

లింగయ్య పోయిన మూడో వారంలో మందు వచ్చింది. ఎర్ర అరలో ఉన్నవాళ్లకు నేనే కూర్చుని ఫోన్లు చేశాను. ఐదుగురు ఉన్నారు. నరసింహులు గుర్తుకు రాలేదా అని మీరు అడగొచ్చు. వచ్చాడు. ఐదో ఫోన్ పెట్టేశాక, చేయి ఇంకా ఫోన్ మీద ఉండగానే వచ్చాడు. అతన్ని పిలిస్తే ఫైలు కిందికి తేవాలి. తెస్తే ఎర్రదారం కట్టాలి. కడితే లింగయ్య చెప్పిందే సరి అని నా చేతులతో నేనే ఒప్పుకున్నట్టు. గడ్డ ఎట్లాగూ తీసేశారు, ఏమవుతుందిలే అనుకుని టీ తాగడానికి లేచాను.

లింగయ్య ట్రైనింగు ముగించుకుని వచ్చాడు. సార్ మిఠాయి తెప్పించి, డబ్బా నా చేతికిచ్చి అందరికీ పంచమన్నారు. పంచాను. నాలుగు రోజులు పోయాక లింగయ్య ఫైళ్లు సర్దుకుంటూ, రాజోలి పెద్దాయన మందుకు వచ్చాడా మేడం అని అడిగాడు. "ఆఁ" అన్నాను. నా ఉద్యోగంలో నేను ఆడిన అబద్ధాల్లో అన్నిటికంటే చిన్నది అదే.

ముడి

ఏడు నెలలకు నరసింహులు ఆటోలో వచ్చాడు. దిగి నడవలేకపోతున్నాడు. రక్తం గడ్డలు కట్టి మూత్రం ఆగిపోయింది. సార్ లోపల కెమెరా వేసి చూసి బయటికి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కుంటూ నిలబడ్డారు. గడ్డ ఈసారి కండలోకి దిగింది. హైదరాబాదుకు పంపించారు. అక్కడ మూత్రాశయం మొత్తం తీసేశారు. ఇప్పుడు అతని కడుపు మీద ఒక రంధ్రం, దానికి అంటించిన సంచి. మూత్రం అందులోకే వస్తుంది, బతికినన్నాళ్లూ.

అతను వచ్చిన రోజు ఫైలు కోసం వెతుకులాట జరిగింది. కింది అరలో లేదు. లింగయ్య పైకి పోయాడు. నేను వరండాలోకి వస్తే పద్మమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది. నిలదీస్తుందనుకున్నాను.

"ఫోన్ రాలేదంటే నయమైనట్టేనని అనుకున్నం మేడం. ఊర్ల అందరికి గట్లనే చెప్పుకున్నం" అంది.

నేను సెక్షన్లోకి వచ్చేసరికి ఫైలు నా బల్ల మీద ఉంది. లింగయ్య తెల్లదారం మీద వేలు పెట్టి నిలబడ్డాడు. "ఈ ముడి నాది కాదు మేడం" అన్నాడు.  ఫైలు తీసుకుని సార్ గదికి పోయాడు.

ఆ తర్వాత అతను ఆ దారం సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజూ ఎదురుచూశాను, ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని. నేనతని చోట ఉంటే మూడు ఊళ్ల దవాఖానలకూ వినబడేలా అరిచేదాన్ని. అతని మంచితనం మీద కూడా నాకు కుళ్లు పుట్టింది. అయితే పిల్లలూ, మంచితనం పక్కన పెట్టి చూస్తే అతను చేసింది తప్పు. ఫైలు తప్పు చోటికి పోయిందని తెలిశాక అది సార్‌కు చెప్పాల్సిన బాధ్యత అతనిది. ఎవరు చేశారన్నది తర్వాతి సంగతి. మీరైతే చెప్పండి. అతని ఉద్యోగం మొత్తంలో నాకు దొరికిన తప్పు ఇదొక్కటే. నేను వెతకక కాదు.

సార్‌ను నేను ఒక్కటే అడిగాను, వేళకు మందు ఎక్కించి ఉంటే ఏమయ్యేదని. చెప్పలేం రాజేశ్వరమ్మా అన్నారు. కొందరికి ఆరూ ఎక్కించినా తిరిగొస్తుంది, చాలామందికి ఆగుతుంది. ఆ చెప్పలేం అన్న మాటను పట్టుకుని సర్వీసు మిగిలిన రోజులన్నీ దాక్కున్నాను.

గీత

రిటైరైన రోజు శాలువా కప్పారు. సార్ మైకు పట్టుకుని బాలయ్య కథ చెప్పారు, మూడు చీటీలు, పిన్ను, అన్నీ. అందరూ చప్పట్లు కొట్టారు. లింగయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు. ఇరవై ఏళ్లు నేను ఎవరికి పడితే వాళ్లకు చెప్పిన ఆ కథ ఆ రోజు కూర్చుని వినలేకపోయాను. శాలువాతోనే సెక్షన్లోకి పోయి నరసింహులు ఫైలు తీశాను.

నా నంబరు మీద అడ్డంగా ఒకే గీత కొట్టాను. కింది రాత కనబడేలా. పక్కన సరైన నంబరు, పక్క గోడ, చుక్క తర్వాత రెండు. దాని కింద ఇట్లా రాశాను: "చికిత్స ముగియలేదని తెలిసీ ఎర్రదారం కోసి తెల్లదారం కట్టింది నేనే. మందు వచ్చినప్పుడు ఈ రోగి గుర్తుండీ పిలవలేదు. వచ్చాడా అని అడిగితే వచ్చాడని అబద్ధం చెప్పాను." సంతకం, తేదీ.

తీసుకుపోయి సార్ ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నన్ను కూర్చోమనలేదు. తర్వాత ట్రస్టు వాళ్లు పిలిచారు, వాళ్ల ముందూ అదే చెప్పాను. సార్ నాతో మళ్లీ మాట్లాడింది చాలా రోజులకు, ఇది రాయమని అడగడానికి. ఈ తప్పొక్కటీ వదలకుండా రాస్తానంటేనే రాయమన్నారు.

మీకు నంబర్లు కంప్యూటరే చూపిస్తుంది. దారాలు, కత్తెరలు మీకుండవు. కానీ పక్క సీట్లో మీకంటే బాగా చేసే మనిషి ఒకరు ఉంటారు. ఆ మనిషి మీ తప్పు చూపించిన రోజు మీకు కడుపు మండుతుంది. మండనివ్వండి, కానీ ముందు తప్పు దిద్దండి. మంటతో ఇంటికి పోయి అన్నం మానేయండి, మొగుడి మీద అరవండి, ఏమైనా చేయండి. ఆ రోజు ఫైలు మాత్రం ముట్టుకోకండి.

రాజోలి

సత్తార్ సార్ చెప్పిన రెండో సగం మిగిలిపోయింది. రిటైరైన పది రోజులకు గద్వాల బస్టాండులో రాజోలి బస్సెక్కాను. లింగయ్య తోడు వస్తానన్నాడు. వద్దన్నాను.

ఇల్లు వెతుక్కుని పోయేసరికి నరసింహులు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లుంగీ వదులుగా కట్టుకున్నాడు, సంచి ఒత్తుకోకుండా. సగానికి సగం అయ్యాడు. చేతుల మీద రంగు మాత్రం అట్లాగే ఉంది. పద్మమ్మ లోపలి నుంచి వచ్చి, నన్ను గుర్తుపట్టి, నా వెనుక దారి వైపు చూసి, లింగయ్య రాలేదా అని అడిగింది. నెలకోసారి సంచులు తెచ్చిచ్చి, మార్చడం చూసి పోతున్నాడట. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఏ పని మీద వచ్చానో మర్చిపోయి, ఇక్కడ కూడా నాకంటే ముందు వచ్చాడా అని ఒక్క క్షణం మండింది. అదీ నేను.

పద్మమ్మ కుర్చీ వేసింది. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. తాగకుండా పట్టుకుని, ఇంకో చేత్తో కాగితం తీశాను. ఫైలులో రాసిందాన్నే దాని మీద రాసుకుని వచ్చాను. గట్టిగా చదివాను. దారం అన్న చోట వరస తప్పింది. మళ్లీ మొదటి నుంచి చదివాను. ఎందుకు చేశావని అడుగుతారనుకున్నాను. లింగయ్యను చూసి ఓర్వలేక అని చెప్పడానికి సిద్ధపడే వచ్చాను. వాళ్లు అడగలేదు, అయినా చెప్పాను.

నరసింహులు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత తలెత్తాడు.

"గా ఎర్రదారం నేనే అద్ది ఇచ్చిన గద మేడం" అన్నాడు.

 పద్మమ్మ నా ముందుకు వచ్చి, నా చేతిలోంచి నిండుగా ఉన్న నీళ్ల గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.